లెంట్‌కు ముందు పోలండ్ ‘పొంచ్‌కి’: బిలాస్‌పూర్ బేకరీలో దొరుకుతాయా, చేయించుకోవడం ఎలా?

రాజ్‌కిశోర్ నగర్ (బిలాస్‌పూర్, ఛత్తీస్‌గఢ్): ఫిబ్రవరి నెల వస్తే పోలండ్‌లో మిఠాయి దుకాణాల ముందు తెల్లవారకముందే జనం బారులు తీరుతారు. వారు ఎదురుచూసేది లోపల గులాబీ జామ్ నింపి, నూనెలో వేయించి, పైన చక్కెర పూత పూసిన గుండ్రని పిండివంట కోసం. దాని పేరు ‘పొంచ్‌కి’. క్రైస్తవుల ఉపవాస కాలమైన లెంట్ ప్రారంభం కావడానికి ముందు దీన్ని తినడం అక్కడ శతాబ్దాలుగా వస్తున్న ఆచారం.

పోలండ్‌లో చదువుకుని వచ్చినవారు, ఉద్యోగరీత్యా అక్కడ కొన్నేళ్లు గడిపినవారు ఇప్పుడు తెలుగు కుటుంబాల్లో అరుదేమీ కాదు. అక్కడ అలవాటైన ఈ రుచిని ఇంటికి వచ్చాక వెతుక్కోవడం సహజం. అయితే బిలాస్‌పూర్ వంటి రైల్వే పట్టణంలో, రాజ్‌కిశోర్ నగర్ వంటి నివాస ప్రాంతంలో బేకరీకి వెళ్లి ఆ పేరు చెబితే ఫలితం ఉండకపోవచ్చు. ‘లోపల జామ్ ఉన్న డోనట్’ అని అడిగితే ఏదో ఒకటి చేతికి రావచ్చు. ఆ రెండింటికీ తేడా ఏమిటి, అసలైనదాన్ని ఇక్కడే చేయించుకోవడానికి ఏం కావాలి, ఈ ఆచారం వెనుక ఉన్న కారణం ఏమిటి అన్నది ఈ కథనం.

పేరులోనే మొగ్గ

‘పొంచ్‌కి’ బహువచనం. ఒక్కటైతే ‘పొంచెక్’. పోలిష్ భాషలో ‘పొంక్’ అంటే మొగ్గ. దానికి చిన్నతనాన్ని సూచించే ప్రత్యయం చేరి ‘చిన్న మొగ్గ’ అనే అర్థం వచ్చింది. నూనెలో పొంగి గుండ్రంగా ఉబ్బే ఆకారాన్ని చూస్తే ఆ పేరు ఎందుకు వచ్చిందో అర్థమవుతుంది.

అమెరికాలో స్థిరపడిన పోలిష్ కుటుంబాల ద్వారా ఈ మాట ఇంగ్లిష్‌లోకి వెళ్లింది. అక్కడ చాలామంది ‘పూంచ్‌కీ’ అని పలుకుతారు. అది అప్పటికే బహువచనమని తెలియక చివర మరో ‘స్’ చేర్చేవారూ ఉన్నారు. తెలుగు వాడుకలో ‘చిప్స్’కు ‘లు’ చేర్చి ‘చిప్స్‌లు’ అనడం వంటిదే ఇది.

గురువారమా, మంగళవారమా?

లెంట్ కాలాన్ని తెలుగు క్రైస్తవుల్లో కొందరు శ్రమల కాలమని, కథోలికులు తపస్కాలమని అంటారు. ఇది విభూతి బుధవారంతో మొదలవుతుంది. దీన్నే భస్మ బుధవారమని కూడా పిలుస్తారు. ఆ రోజు నుంచి ఈస్టర్‌కు 46 రోజులు. మధ్యలో వచ్చే 6 ఆదివారాలను ఉపవాస దినాలుగా లెక్కించరు కనుక మిగిలేవి 40.

పోలండ్‌లో విభూతి బుధవారానికి ముందు వచ్చే గురువారాన్ని ‘త్వుస్తి చ్ఫార్తెక్’ అంటారు. ‘కొవ్వు గురువారం’ అని దాని అర్థం. పొంచ్‌కి తినే ప్రధాన దినం అదే. ఆ రోజు ఒక్కటైనా తినకపోతే ఏడాదంతా అదృష్టం కలిసిరాదని అక్కడి నానుడి. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో మాత్రం ఉపవాసానికి ముందు రోజైన మంగళవారాన్ని ‘పొంచ్‌కి దినం’గా జరుపుకుంటారు. పోలిష్ జనాభా ఎక్కువగా ఉన్న షికాగోలో రెండు రోజులూ చెల్లుతాయి.

ఈస్టర్ తేదీ ఏటా మారుతుంది కాబట్టి ఈ గురువారమూ మారుతుంది. ఈస్టర్‌కు 52 రోజులు వెనక్కి లెక్కిస్తే అది తెలుస్తుంది. 2026లో ఈస్టర్ ఏప్రిల్ 5న కాబట్టి కొవ్వు గురువారం ఫిబ్రవరి 12, విభూతి బుధవారం ఫిబ్రవరి 18. 2027లో ఈస్టర్ మార్చి 28న. కొవ్వు గురువారం ఫిబ్రవరి 4, విభూతి బుధవారం ఫిబ్రవరి 10. 2028లో కొవ్వు గురువారం ఫిబ్రవరి 24న వస్తుంది. బేకరీకి ముందుగా చెప్పి చేయించుకోవాలనుకునేవారికి ఈ లెక్క అవసరం.

ఉపవాసానికి ముందు కొవ్వు ఎందుకు?

నేడు కథోలిక సంఘం నియమాలు సులువుగానే ఉన్నాయి. విభూతి బుధవారం, శుభ శుక్రవారం నాడు 18 నుంచి 59 ఏళ్ల మధ్య వయసువారు ఒక్క పూట మాత్రమే పూర్తి భోజనం చేయాలి. 14 ఏళ్లు దాటినవారు ఆ రెండు రోజులు, లెంట్‌లోని శుక్రవారాలు మాంసం మానాలి. మధ్యయుగాల ఐరోపాలో మాత్రం నియమం చాలా కఠినంగా ఉండేది. మాంసంతో పాటు గుడ్లు, పాలు, వెన్న, పందికొవ్వు కూడా నిషిద్ధం.

శీతలీకరణ యంత్రాలు లేని కాలంలో ఇంట్లో నిల్వ ఉన్న గుడ్లను, వెన్నను, కొవ్వును ఆరున్నర వారాల పాటు ముట్టకుండా ఉంచితే అవి పాడవుతాయి. పారవేయడానికి మనసు ఒప్పదు. అందువల్ల ఉపవాసం మొదలయ్యే ముందే వాటన్నిటినీ వాడేసే వంటలు పుట్టాయి. గుడ్డు సొనలు, వెన్న పిండిలోకి, పందికొవ్వు వేయించే మూకుడులోకి వెళ్లాయి. ఇంగ్లండ్‌లో అదే అవసరం పాన్‌కేక్‌ల రూపం తీసుకుంది. జర్మనీలో బెర్లినర్, ఆస్ట్రియాలో క్రాఫెన్, పోర్చుగల్ దీవుల్లో మలసాద పొంచ్‌కికి దాయాదులు. ‘కార్నివాల్’ అనే మాటకు మూలమూ మాంసాన్ని తీసివేయడమనే అర్థమున్న మధ్యయుగ లాటిన్ పదమేనని భాషావేత్తలు చెబుతారు.

ఈ పరంపరకు భారత్ కొత్త కాదు. గోవాలో లెంట్‌కు ముందు శనివారం నుంచి మంగళవారం వరకు కార్నివాల్ జరుగుతుంది. ఆంగ్లో ఇండియన్ కుటుంబాల్లో ఉపవాసానికి ముందు మంగళవారం కొబ్బరి, చక్కెర లేదా బెల్లం కూరిన పాన్‌కేక్‌లు చేసుకునే అలవాటు ఉంది. రైల్వే కాలనీలున్న పట్టణాలకు ఆ సమాజంతో ఉన్న అనుబంధం తెలిసిందే. పొంచ్‌కి పేరు వినని ఊరిలోనూ దాని వెనుక ఉన్న ఆలోచన పాతదే కావచ్చు.

రాయి నుంచి స్పంజి వరకు

పొంచ్‌కి మొదటినుంచీ తీపి వంటకం కాదు. పూర్వం రొట్టె పిండి ముద్దలో పందికొవ్వు ముక్కలు పెట్టి వేయించేవారు. తీపి రకం 16వ శతాబ్దం నాటికి పోలండ్‌లో కనిపించింది. మెత్తని, గుల్లగా పొంగే రూపం 18వ శతాబ్దంలో స్థిరపడింది. మూడవ అగస్టస్ రాజు కాలపు ఆచార వ్యవహారాలను నమోదు చేసిన మతగురువు యెంద్‌జెయ్ కితోవిచ్ ఈ మార్పును సరదాగా వర్ణించాడు. పాతకాలపు పొంచెక్‌ను విసిరితే కన్ను కమిలిపోయేదని, తన కాలంలోనిది చేతిలో నొక్కి వదిలితే స్పంజిలా మళ్లీ పొంగుతుందని ఆయన రాశాడు.

వార్సాలోని నోవి ష్వ్యాత్ వీధిలో ఉన్న బ్లిక్లె మిఠాయి దుకాణం 1869 నాటిది. గులాబీ జామ్ నింపి, చక్కెర పాకం పూసి, పైన పంచదారలో ఊరిన నారింజ తొక్క చల్లిన పొంచ్‌కికి ఆ దుకాణం పేరుపొందింది.

అమెరికాలో ఈ ఆచారానికి కేంద్రం డెట్రాయిట్ నగరం మధ్యలో ఉన్న హమ్‌ట్రామిక్ అనే చిన్న పట్టణం. 20వ శతాబ్దం తొలినాళ్లలో మోటారు కర్మాగారాల్లో పని కోసం వచ్చిన పోలిష్ కార్మికులు అక్కడ స్థిరపడ్డారు. నేడు ఆ పట్టణంలో యెమెన్, బంగ్లాదేశ్ మూలాలున్న ముస్లింలు ఎక్కువ. అయినా పొంచ్‌కి దినం నాడు పాత పోలిష్ బేకరీల ముందు బారులు తగ్గలేదు. తెలుగువారు పెద్దసంఖ్యలో నివసించే డెట్రాయిట్ శివార్లలో ఫిబ్రవరి వస్తే సూపర్ మార్కెట్లలో కూడా పొంచ్‌కి పెట్టెలు కనిపిస్తాయి. ఈ పేరు తెలుగు ఇళ్లకు చేరిన దారుల్లో అదీ ఒకటి.

బేకరీలో దొరికే డోనట్‌కు, దీనికి తేడా

మధ్యలో చిల్లు ఉన్న డోనట్ పొంచ్‌కి కాదు. చిల్లు లేకుండా లోపల జామ్ లేదా చాక్లెట్ ఉన్న డోనట్ రూపంలో దగ్గరిది, పిండిలో మాత్రం వేరు. బన్నుల పిండినే కొంచెం తీపి చేసి వేయించినప్పుడు తయారయ్యేది సాధారణ డోనట్. పొంచ్‌కి పిండిలో గుడ్డు సొనలు, వెన్న, పాలు పాళ్లు ఎక్కువ. అందువల్ల లోపలి భాగం లేత పసుపు రంగులో, మెత్తగా, బరువైన రుచితో ఉంటుంది.

గుర్తుపట్టడానికి మూడు లక్షణాలు ఉపయోగపడతాయి. మొదటిది, నడుము చుట్టూ లేత రంగు పట్టీ. పిండి బాగా పొంగి తేలికగా ఉంటే మూకుడులో సగం పైకి తేలుతుంది. మధ్య భాగానికి నూనె సరిగా తగలక తెల్లగా మిగులుతుంది. ఆ పట్టీ లేకపోతే పిండి పొంగలేదని అర్థం. రెండవది, నొక్కితే మళ్లీ పొంగడం. మూడవది, కాగితం మీద పెడితే నూనె మరకలు ఎక్కువగా పడకపోవడం.

నూనె పీల్చకుండా ఉండేందుకు పోలిష్ వంటవారు పిండిలో ఒక చెంచా ఘాటైన మద్యసారం కలుపుతారు. వేడికి అది త్వరగా ఆవిరై బయటికి వస్తూ నూనెను లోపలికి రానివ్వదని వారి వివరణ. మద్యసారం వద్దనుకునేవారు అంతే కొలతలో వెనిగర్ లేదా నిమ్మరసం వాడతారు.

గులాబీ జామ్‌కు బదులు గుల్‌కంద్

సంప్రదాయ పొంచ్‌కిలో నింపేది గులాబీ రేకులను చక్కెరతో నూరి చేసిన జామ్. ఇక్కడ అది కొనాలంటే కష్టమే. అయితే దానికి అతి సమీపమైన పదార్థం ప్రతి పాన్ దుకాణంలోనూ ఉంటుంది. అదే గుల్‌కంద్. రెండూ గులాబీ రేకులు, చక్కెరతోనే తయారవుతాయి. తేడా ఏమిటంటే గుల్‌కంద్‌ను ఎండలో ఊరబెడతారు, పోలిష్ జామ్‌లో పుల్లదనం కొంత ఎక్కువ. సోంపు, యాలకుల వంటివి కలపని గుల్‌కంద్ తీసుకుని, కొద్దిగా నిమ్మరసం చేర్చి, పలుచగా ఉంటే సన్నని మంట మీద చిక్కబరిస్తే సరిపోతుంది.

పోలండ్‌లో వాడే మరో పూర్ణం రేగు జాతికి చెందని ‘ప్లమ్’ పండ్ల చిక్కని గుజ్జు. డ్రై ఫ్రూట్ దుకాణాల్లో దొరికే ఎండు ఆలూబుఖారాను నానబెట్టి, గింజ తీసి, ఉడికించి మెత్తగా నూరితే దానికి సాటి వస్తుంది.

బేకరీతో ముందుగా మాట్లాడవలసినవి

పొంచ్‌కిని చిన్న బేకరీలో చేయించుకోవడం అసాధ్యం కాదు. పులిసిన పిండి, మూకుడు, పూర్ణం నింపే గొట్టం ఉన్న చోట ఇది చేయవచ్చు. కాని దుకాణదారుకు కూడా కొన్ని ఇబ్బందులు ఉంటాయి. వాటిని గుర్తించి అడిగితే అంగీకారం సులువు.

మొదటి ప్రశ్న గుడ్డు. శాకాహార దుకాణాలుగా పేరుపడిన చోట వంటగదిలోకి గుడ్డు రానివ్వరు. మన దేశపు ఆహార లేబుళ్ల నిబంధనల ప్రకారం గుడ్డు ఉన్న ఆహారం మాంసాహార గుర్తు కిందికే వస్తుంది. కాబట్టి గుడ్లతో కేకులు చేసే బేకరీనే ఎంచుకోవాలి. శాకాహార దుకాణంపై ఒత్తిడి తేవడం అక్కడి ఇతర కొనుగోలుదారుల నమ్మకాన్ని దెబ్బతీయడమే.

రెండవది వేయించే నూనె. సమోసాలు, కచోరీలు వేయించిన నూనెలో పొంచ్‌కి వేస్తే ఆ వాసన పట్టుకుంటుంది. తాజా నూనె వాడమని ముందే చెప్పాలి. పోలండ్‌లో సంప్రదాయంగా పందికొవ్వు వాడతారు. ఇక్కడ ఏ రిఫైన్డ్ నూనె అయినా సరిపోతుంది.

మూడవది సంఖ్య. అయిదారు పొంచ్‌కి కోసం ఏ బేకరీ కూడా వేరుగా పిండి కలపదు. రెండు మూడు కుటుంబాలు కలిసి రెండు మూడు డజన్లు చెబితే దుకాణదారుకు కూడా గిట్టుబాటవుతుంది. నాలుగవది సమయం. పిండి రెండుసార్లు పొంగాలి కనుక మూడు గంటలకు తక్కువ పట్టదు. వేయించిన రోజే తినాలి, మర్నాటికి గట్టిపడతాయి. ఉదయం చేసి సాయంత్రం తీసుకునేలా మాట్లాడుకోవడం మేలు.

మొదటిసారి పండుగ రోజునే ప్రయత్నించకుండా వారం ముందు ఒకసారి కొద్దిగా చేయించి చూస్తే లోపాలు తెలుస్తాయి.

ఇంట్లో చేయాలంటే

అర కిలో మైదా, పావు లీటరు గోరువెచ్చని పాలు, 7 గ్రాముల ఇన్‌స్టంట్ ఈస్ట్, 60 గ్రాముల చక్కెర, 5 గుడ్డు సొనలు, 60 గ్రాముల కరిగించిన వెన్న, అర చెంచా ఉప్పు, ఒక పెద్ద చెంచా వెనిగర్. ఈ కొలతలకు 15 దాకా వస్తాయి.

పాలు వేలు పెడితే హాయిగా ఉండేంత వేడిగానే ఉండాలి. మరిగే పాలలో ఈస్ట్ చచ్చిపోతుంది. సొనలు, చక్కెరను తెల్లబడేదాకా గిలక్కొట్టి మిగతావాటితో కలపాలి. వెన్నను చివర్లో చేర్చి పది, పదిహేను నిమిషాలు పిసకాలి. పిండి చేతికి కొంచెం అంటుకుంటుంది. అందుకని మైదా అదనంగా చల్లుతూ పోతే గట్టిపడుతుంది. మూతపెట్టి రెట్టింపయ్యేదాకా ఉంచాలి. ఫిబ్రవరి పగటి వేడిలో గంట, గంటన్నర చాలు.

తర్వాత 65 గ్రాముల చొప్పున ఉండలు చేసి మరో అరగంట నుంచి ముప్పావు గంట పొంగనివ్వాలి. నూనె వేడి 175 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండాలి. అంతకన్నా తక్కువైతే నూనె పీలుస్తుంది, ఎక్కువైతే పైన మాడి లోపల పచ్చిగా మిగులుతుంది. ఒక్కో వైపు రెండు నుంచి మూడు నిమిషాలు వేగాలి. చల్లారాక పక్కన చిల్లుచేసి పూర్ణం నింపి, పైన చక్కెర పొడి చల్లాలి.

పాతకాలపు పోలిష్ ఇళ్లలో పూర్ణాన్ని వేయించే ముందే లోపల పెట్టి మూసేవారు. రెండు పద్ధతులూ తెలుగువారికి పరిచయమే. పూర్ణం బూరెలో పూర్ణం ముందే లోపల ఉంటుంది. గోదావరి జిల్లాల్లో వేడి బూరెకు వేలితో చిల్లుచేసి నెయ్యి పోయడం వేయించిన తర్వాత నింపడమే.

పోలండ్ రుచి, భారత్ జ్ఞాపకం

పోలండ్‌తో భారత్‌కు ఉన్న బంధం కూడా వలసతోనే ముడిపడింది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో సోవియట్ యూనియన్ నుంచి బయటపడిన పోలిష్ అనాథ బాలలకు 1942లో నవానగర్ పాలకుడు జామ్ సాహెబ్ దిగ్విజయ్‌సింహ్‌జీ గుజరాత్‌లోని బాలాచడీలో ఆశ్రయమిచ్చారు. మరుసటి ఏడాది కొల్హాపూర్ సమీపంలోని వళివడేలో వేలమంది పోలిష్ శరణార్థుల కోసం శిబిరం వెలిసింది. అది 1948 వరకు కొనసాగింది. వార్సాలో ‘మంచి మహారాజు’ పేరిట ఒక కూడలి ఉంది. 2024 ఆగస్టులో పోలండ్ పర్యటనకు వెళ్లిన ప్రధాని నరేంద్ర మోదీ అక్కడి స్మారకాల వద్ద నివాళులు అర్పించారు.

ఇల్లు వదిలి వచ్చినవారికి పండుగనాటి వంటకం ఎంత విలువైనదో బిలాస్‌పూర్ తెలుగువారికి వేరే చెప్పనక్కర్లేదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఈ పట్టణాన్ని రైల్వే కూడలిగా మార్చింది. 1931లో రాయ్‌పూర్–విజయనగరం మార్గం పూర్తయ్యాక ఉత్తరాంధ్రతో రాకపోకలు సులువయ్యాయి. 2003 నుంచి ఇది ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కేంద్రం. రైలు ఉద్యోగాల వెంట వచ్చిన తెలుగు కుటుంబాలు గుజియాలు, ఠేఠరీలు, ఖుర్మీలు దొరికే ఊరిలో అరిసెలు, బూరెలు ఇంట్లోనే వండుకుంటూ వచ్చాయి.

గుడ్డు తినని కుటుంబాలకు పొంచ్‌కి తప్పనిసరి కాదు. సొనలు లేకుండా చేస్తే అది మంచి జామ్ డోనట్ అవుతుంది కాని పొంచ్‌కి కాదు. ఉపవాసానికి ముందు ఇంట్లో ఉన్న నెయ్యిని, తీపిని నలుగురితో పంచుకుని ముగించడమే ఆచారం అసలు ఉద్దేశం. ఆ గురువారం నాడు పూర్ణం బూరెలు వండి పొరుగువారిని పిలిచినా ఆ ఉద్దేశం నెరవేరుతుంది.